1988 మెస్సీని మళ్లీ దమ్ముకు దింపాం

ఈసారి వరి సంగతి రాయడం లేదు, రొయ్యల రేటు సంగతి అసలే లేదు. మే నెల నుంచి అక్టోబరు దాకా మా గొడ్ల చావిడిలో విప్పి పెట్టుకున్న మా నాయన ట్రాక్టరు గురించి రాస్తుండా. టీ కొట్టు దగ్గర రోజూ ఎవరో ఒకరు అడుగుతుండారు, "ఏం అబ్బయ్యా, ఆ తుక్కు మీద లక్ష పైన పోసినావంటనే?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు. పొడుగ్గానే ఉంటుంది, తీరిక దొరికినప్పుడు చదవండి. మీ కొట్టంలో కూడా పాత బండి ఒకటి నిలబడి ఉంటే మీకు పనికొస్తుంది.

ముందు మా పెద్దోడు చూపించిన వీడియో గురించి చెప్పాలి. ఇంగ్లాండులో ఒక పెద్దాయన ఇంటి పక్కనుండే కారు షెడ్డులో పాత స్పోర్ట్సు కారు విప్పి మళ్లీ బిగిస్తుంటాడు. ట్రయంఫ్ టీఆర్2 అంట, 1953లో వచ్చిన రెండు సీట్ల కారు. ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ దానికే పెట్టాడంట. కాలక్షేపానికి చూస్తుంటే మధ్యలో ఆయన ఒక మాటన్నాడు, ఈ ఇంజనూ ట్రాక్టరు ఇంజనూ అన్నదమ్ములు అని. అక్కడ నేను లేచి కూర్చున్నా.

తర్వాత వెతికి చదివితే నిజమే. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లాండు మనిషి కోసం, ఇంగ్లాండులో కోవెంట్రీ ఊళ్లో స్టాండర్డ్ అనే కార్ల కంపెనీ 1946 నుంచి పదేళ్లలో అయిదు లక్షల పైన చిన్న బూడిదరంగు ట్రాక్టర్లు చేసిచ్చింది. ఆ ట్రాక్టర్లలో పెట్టిన ఇంజను రకాన్నే వాన్‌గార్డ్ అనే కారులో పెట్టారు, కొంచెం మార్చి టీఆర్2లోనూ పెట్టారు. లైనర్లు ఊడదీసి కొత్తవి దించుకునే రకం. మడక లాగిన ఇంజను జాతే రోడ్డెక్కి గంటకు 160 కిలోమీటర్ల పైన పరిగెత్తింది. ఇంకో ముచ్చట. జేమ్స్ బాండ్ సినిమాలో కనపడే ఆస్టన్ మార్టిన్ కారు పేరులో డీబీ అని ఉంటుంది చూడండి, అది డేవిడ్ బ్రౌన్ అనే ఆయన పేరు. 1936లో ఫెర్గూసన్‌తో కలిసి ట్రాక్టర్లు చేసిన మనిషే 1947లో ఆ కార్ల కంపెనీ కొన్నాడు. ఇటలీ లాంబోర్గిని కూడా ముందు ట్రాక్టర్ల వ్యాపారే, కార్ల కంపెనీ పెట్టింది 1963లో. కోట్ల రూపాయల కార్లు అని నోళ్లు తెరుచుకుని చూస్తాం గానీ వాళ్లంతా మన చేల గట్ల మీదుగా పోయిన వాళ్లే.

మన మెస్సీ 1035కి కూడా అదే వంశం. ఫెర్గూసన్ 1953లో కెనడాలోని మెస్సీ హ్యారిస్ కంపెనీతో కలిశాడు, ఆ తర్వాత 35 అనే బండి వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే పెట్టి ఆ 35ను మనకు తెచ్చారు. ఇంజను మాత్రం కారుది కాదు, సింప్సన్ వాళ్లది, మూడు సిలిండర్ల డీజిలు. సింప్సన్ అంటే 1840లో మద్రాసులో గుర్రబ్బండ్లు కట్టడంతో మొదలైన కంపెనీ. ఇంజను ఎవరిదైనా వెనకాల లిఫ్టు పనితనం ఫెర్గూసన్‌దే. దాని సంగతి కింద చెప్తా, అది చాలామందికి తెలియకుండానే మూలన పడి ఉంది.

మా బండిని నాయన 1988లో బ్యాంకు అప్పుతో కొన్నాడు. మా బోగోలు చుట్టుపక్కల అప్పట్లో ట్రాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇరవై ఏళ్లు ఊరందరి కయ్యలూ దున్నింది. కొండబిట్రగుంట తిరునాళ్లకు జనాన్ని మోసింది, జువ్వలదిన్నె నుంచి ఎండుచేపలు మోసింది, రొయ్యల గుంటల కట్టలకు మట్టి తోలింది. ఆ గుంటల పనే దాన్ని తినేసింది. ఉప్పు నీళ్లలో దిగొచ్చిన బండిని ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, పాత ఆయిల్లో డీజిలు కలిపి కింద భాగమంతా పూయాల. నాయన ఉన్నన్నాళ్లూ ఆ పని చేశాడు. ఆయన మంచాన పడ్డాక బండి ఎక్కిన కూలి డ్రైవర్లు చేయలేదు. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ ఎండిపోయినా చూడలేదు, దుమ్మంతా ఇంజను లోపలికే పోయింది. చివరికి బోరుకొచ్చి, పొగలు కక్కుతా, గొర్రు ఎత్తలేక నిలబడిపోయింది. నాయన పోయాక అయిదేళ్లు వేపచెట్టు కిందే ఉంది. మా ఊరి సముద్రపు గాలి సంగతి మీకు తెలిసిందే, కిటికీ ఊచలనే తినేస్తుంది.

పోయిన వేసవిలో పాతినుము కొనే మనిషి వచ్చి చుట్టూ తిరిగి నలభై ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. మేం ముగ్గురం, నేనూ, మద్రాసులో ఉండే తమ్ముడూ, కావలిలో ఇచ్చిన చెల్లెలూ. తలా పదహారు వేలు. తమ్ముడు మొదట అమ్మేయమన్నాడు, రెండు రోజులకు మళ్లీ ఫోను చేసి, "వద్దన్నా, రంగులేసి పొలం గేటు దగ్గర దిమ్మె కట్టి నిలబెడదాం, నాయన గుర్తుగా ఉంటాది" అన్నాడు. చెల్లెలు ఏమీ అనలేదు. నాకు రెండూ నచ్చలేదు. దిమ్మె మీద పెట్టిన బండిని నాలుగేళ్లకు మళ్లీ ఉప్పుగాలే తింటుంది, అప్పుడు పాతినుము మనిషి నలభై ఎనిమిది వేలు కూడా ఇవ్వడు.

నేను ప్రేమ కొద్దీ మొదలుపెట్టానని అనుకోవద్దు, ముందు లెక్కే వేశా. సొంతం అయిదు ఎకరాలు, కౌలు మూడు. బాడుగ ట్రాక్టరు గంటకు పదకొండు వందలు. దుక్కి, దమ్ము, చదును కలిపి ఎకరాకు నాలుగు గంటలు పడుతుంది. ఎనిమిది ఎకరాలకు ముప్పై అయిదు వేలు. సొంత బండి అయితే డీజిలు పదకొండు వేలు. పైరుకు పాతిక వేల దాకా మిగులుతుంది. కానీ అసలు నష్టం బాడుగలో లేదు, ఎదురుచూపులో ఉంది. కాలువకు నీళ్లు వదిలిన వారంలోనే అందరికీ దమ్ము కావాల. పెద్ద రైతుల కయ్యలు అయ్యాకనే మన వంతు. పోయినేడు బండి దొరికేసరికి నా నారుకు నలభై అయిదు రోజులు దాటాయి. ముదురు నారు నాటితే పిలకలు ఎట్టా వస్తాయో మీకు నేను చెప్పాలా? కొత్త బండి అంటే ఆరు లక్షల పైన, ఆరు నెలలకొక కంతు. ఎనిమిది ఎకరాల మీద ఆ కంతు కట్టాలంటే నేను ఊరంతా బాడుగకు తిరగాల. యాభై దాటిన నడుముతో నావల్ల కాదు.

అయితే పాత బండి ప్రతిదీ బాగుచేయదగ్గది కాదు. పైసా పెట్టకముందే మూడు చూడండి. ట్రాక్టరుకు కారు మాదిరి చాసిస్ ఉండదు. ఇంజనూ, గేరు బాక్సూ, వెనక హౌసింగూ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, అవే దాని వెన్నెముక. ఆ పోతల్లో ఎక్కడైనా పగులుంటే, పాత వెల్డింగ్ కనపడితే, అక్కడే ఆగిపోండి. రెండోది, వెనక హౌసింగ్ అడుగు బోల్టు విప్పి ఆయిల్ చూడండి. పాల మాదిరి తెల్లగా వస్తే దమ్ము నీళ్లు లోపలికి పోయినట్టు. సీళ్లు పోయి కొద్దిరోజులే అయితే మార్చుకోవచ్చు, ఏళ్ల తరబడి నీళ్లు నిలిచి ఉంటే బేరింగులూ గేరు పళ్లూ గుంటలు పడి ఉంటాయి. మూడోది, ఫ్యాను పట్టుకుని చేత్తో ఇంజను తిప్పడానికి చూడండి. కదిలిందా, సగం బతికున్నట్టు. కదలకపోతే నాజిళ్లు తీసి ఆ కంతల్లోంచి డీజిలూ ఆయిలూ కలిపి పోసి వారం వదిలేయండి. మాది తొమ్మిదో రోజున కదిలింది. ఆయిల్ కొంచెం తెల్లబడింది గానీ గేరు పళ్లు బాగున్నాయి. పోతల్లో పగుళ్లు లేవు. అప్పుడు తమ్ముడికి ఫోను చేసి చెప్పా, నీ పదహారూ చెల్లెలి పదహారూ నేనిస్తా, బండి నాకు వదలండి అని.

పనికి బిట్రగుంట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మా వైపు అందరూ రైల్వే మామ అంటారు. బిట్రగుంటలో ఆవిరి ఇంజన్లు తిరిగిన రోజుల్లో పెద్ద షెడ్డు ఉండేది కదా, ఆయన అందులో ఫిట్టరుగా చేరి పని నేర్చుకున్నాడు. డెబ్బై దాటాయి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, అందుకని ఆయన కుర్చీలో కూర్చుని చెప్తాడు, కావలి నుంచి వచ్చే కుర్ర మేస్త్రీ చేస్తాడు, నేను పానాలు అందిస్తా. నెలకు ఆరేడు రోజుల కంటే కుదిరేది కాదు.

మొదటి పది రోజులూ బోల్టులతోనే సరిపోయింది. ఉప్పు పట్టిన బోల్టు మీద మేస్త్రీ సుత్తి ఎత్తితే మామ అరిచేవాడు, "కొట్టబాకరా, తల తెగిందంటే దాన్ని డ్రిల్లు పెట్టి తీసేది నీ అబ్బా?" అని. వైరు బ్రష్‌తో రుద్దడం, డీజిలులో నానిన గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచడం, పొద్దున వేడి చేసి ముందు కొంచెం బిగించే వైపు తిప్పి ఆ తర్వాత విప్పడం. అట్టా చేస్తే వందకు పైగా బోల్టుల్లో నాలుగే తెగాయి. ఊడిన ప్రతిదీ బిస్కెట్టు డబ్బాల్లో వేసి, డబ్బా మీద ఎక్కడిదో రాసి, విప్పకముందు ఫోనులో ఫోటో తీశాం. ఇంగ్లాండు పెద్దాయన కూడా అచ్చం ఇట్టానే చేస్తుండాడు, కాకపోతే ఆయనవి మంచి ప్లాస్టిక్కు డబ్బాలు.

క్లచ్ ప్లేటు మార్చాలంటే బండిని నడుం దగ్గర రెండు ముక్కలు చేయాల. ఇది ఇంటి దగ్గర చేసేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ముందు ఇరుసు మధ్య పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. దానికి రెండు వైపులా చెక్క చీలలు గట్టిగా దిగ్గొట్టకుండా విడదీశారంటే ఇంజను సగం పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. మేం తుమ్మ చీలలు కొట్టి, ఇంజను కింద రైలు స్లీపరు ముక్కలు పేర్చి, దూలానికి చైను బ్లాకు వేసి, అప్పుడు విడదీశాం. పిల్లల్ని ఆ రోజు చావిడి దరిదాపులకు రానీలేదు.

ఇక క్రాంకు. ఇక్కడే మొత్తం పని ఆగిపోయేది. క్రాంకు అరిగితే లేతులో సాన పట్టి సన్నం చేస్తారు, దానికి తగ్గ బేరింగులు వేస్తారు. టెన్, ట్వంటీ, థర్టీ అని సైజులు. ఒక్కో టెన్‌కు పావు మిల్లీమీటరు తగ్గుతుంది. మా క్రాంకు ఇదివరకే రెండుసార్లు సాన పట్టి ట్వంటీలో ఉంది. ఇక మిగిలింది థర్టీ ఒక్కటే. రెండో కనెక్టింగ్ రాడ్డు కూర్చునే చోట గోరు ఆనేంత గాటు పడి ఉంది. దాన్ని గోనెసంచిలో చుట్టుకుని బస్సులో నెల్లూరు తీసుకుపోయా. లేతు షాపు ఆయన మైక్రోమీటరు పెట్టి నాలుగు చోట్ల కొలిచి, "థర్టీకి గాటు పోతే నీ అదృష్టం, పోకపోతే కొత్త క్రాంకు తెచ్చుకో" అన్నాడు. కొత్త క్రాంకు అంటే నా లెక్క తలకిందులే, అప్పుడు పాతినుము మనిషే దిక్కు. ఎంతసేపు పడుతుందని అడిగితే కూర్చోమన్నాడు. సాన రాయి తిరుగుతుంటే పక్కన నిలబడి చూస్తుండా. ఒక పొర, ఇంకో పొర. గాటు గీతగా మారింది, గీత వెంట్రుక అయింది. ఆయన ఆపి గుడ్డతో తుడిచి లైటు కింద తిప్పి చూపించాడు. పోయింది. కొలిస్తే సరిగ్గా థర్టీకి వచ్చింది. టీ తాగుదాం రా అన్నా గానీ ఆయన రాలేదు, బయట ఇంకా ఇద్దరు క్రాంకులు పట్టుకుని కూర్చోనుండారు.

ఒకటి మాత్రం ఇప్పుడే చెప్తుండా. ఈ ఇంజనుకు ఇదే ఆఖరి క్రాంకు పని. ఇంకోసారి అరిగితే కొత్తది వేయాల్సిందే. అందుకని ఇప్పుడు ఎయిర్ క్లీనర్ గిన్నె నేనే రోజూ తెరిచి చూస్తుండా.

హెడ్డు బిగించేటప్పుడు రైల్వే మామ సుద్దముక్క అడిగాడు. నట్టు నట్టుకూ నెంబరు వేయించాడు. మధ్యలో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బయటికి పోతా, మూడు విడతల్లో బిగించాల. మూడో విడతలో ఒక్కో నట్టు అయ్యాక సుద్ద తుడిచేయాల. షెడ్డులో రాత్రి డ్యూటీలో నిద్రమత్తులో నట్టు మరిచిపోకుండా వాళ్లు పెట్టుకున్న అలవాటంట. మేస్త్రీ నవ్వాడు గానీ తర్వాత తన పనుల్లో కూడా సుద్ద వాడుతుండాడని విన్నా.

లిఫ్టు గురించి చెప్తానన్నా కదా. మన సీటు పక్కన రెండు లివర్లు ఉంటాయి. చాలామంది ఒకటే వాడతారు, గొర్రు ఎత్తడానికీ దించడానికీ. రెండోదాన్ని కదిలించరు. ఫెర్గూసన్ బుర్రంతా ఆ రెండోదాంట్లోనే ఉంది. గొర్రు గట్టి నేలలోకి దిగి బరువు పెరిగినప్పుడు పైనుండే టాప్ లింకు ముందుకు తోస్తుంది. ఆ తోపుకు వెనకాల ఒక పెద్ద స్ప్రింగు నలుగుతుంది. స్ప్రింగు నలిగితే లోపల వాల్వు కదిలి గొర్రును వేలెడంత పైకి లేపుతుంది. ఆ క్షణంలో గొర్రు బరువూ మట్టి బరువూ వెనక చక్రాల మీద పడి, చక్రం జారకుండా పట్టు దొరుకుతుంది. మెత్తని చోటు రాగానే మళ్లీ తనే దించుకుంటుంది. చిన్న తేలిక బండి పెద్ద బండి పని చేసేది దీనివల్లే. మా బండిలో ఆ స్ప్రింగు దగ్గర నట్టు వదులై, కడ్డీ తుప్పుతో బిగుసుకుపోయి ఎన్నేళ్లయిందో. నాయన మంచాన పడ్డాక ఎక్కిన డ్రైవర్లంతా టైర్లు జారుతున్నాయని ముందు రాళ్లు కట్టేవాళ్లు. కడ్డీ శుభ్రం చేసి, స్ప్రింగు ఆట తీసేసి, పంపులో సీళ్లూ వాల్వులూ మార్చాక మా తూర్పు కయ్యలో ఇసుక, జిగట కలిసిన చోట దున్ని చూశా. ఒక్క చక్రం తిరుగుడు లేదు. మీ మెస్సీలో కూడా ఒకసారి చూసుకోండి, బండి ఆపి టాప్ లింకును చేత్తో ముందుకూ వెనక్కూ ఊపితే ఆట ఉందో లేదో తెలుస్తుంది. ఆట ఉండగూడదు.

ఇంక రంగు. సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే చోట్లకు పోయి చూడండి, ఎర్రగా మెరిసిపోతుంటాయి, టైర్లకు నల్ల పాలిషు. ఎండు తుప్పు మీదే రంగు కొట్టేసి ఉంటారు. నేను రంగు అన్నిటికంటే చివర వేయించా, అదీ తుప్పు గీకి రెడాక్సైడ్ రెండు పూతలు పట్టించాకే. బండి కొనేటప్పుడు రంగు చూసి పది వేలు ఎక్కువిచ్చే మనిషి, ఆయిల్ అడుగు బోల్టు విప్పమని అడగడానికి మొహమాటపడతాడు, అదేందో మరి.

పెయింటరు టూల్ బాక్సు మూత లోపల కూడా రంగు వేయబోతే ఆపా. నాయన ఇంజను ఆయిల్ మార్చిన తేదీలన్నీ స్క్రూడ్రైవరుతో అక్కడ గీసేవాడు. 1988 నుంచి వరసగా ఉన్నాయి, అంకెలు పోను పోను వంకరపోతా. చెల్లెలు పండక్కొచ్చినప్పుడు దాన్ని ఫోటో తీసుకుంది, పదహారు వేలు మాత్రం తీసుకుంది. తీసుకోవాల కూడా, అది ఆమె హక్కు.

ఖర్చు అడుగుతారని రాస్తుండా. ఇంజను పని మొత్తం, అంటే లైనర్లు పిస్టన్లు, క్రాంకు, హెడ్డు, పంపు, నాజిళ్లు, కలిపి ముప్పై రెండు వేల అయిదొందలు. క్లచ్ తొమ్మిదిన్నర వేలు. లిఫ్టూ సీళ్లూ ఎనిమిది వేల మూడొందలు. వెనక టైర్లు రెండూ ముప్పై ఆరు వేలు, అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇదే. బ్యాటరీ, సెల్ఫు, రేడియేటరు పదకొండు వేల రెండొందలు. రంగు ఆరున్నర. మనుషులకు పద్దెనిమిది వేలు. మొత్తం లక్షా ఇరవై రెండు వేలు. తోబుట్టువుల వాటా ముప్పై రెండు కలిపితే లక్షా యాభై నాలుగు. నా పాతిక వేల లెక్కన తిరిగి రావడానికి ఆరేళ్లు. రోటవేటరు బాగా వాడేవాళ్లకూ, ఇరవై ఎకరాల పైన చేసేవాళ్లకూ నేను ఇది చెప్పను, 35 హార్స్ పవరు చాలదు, వాళ్లు కొత్తదే కొనుక్కోవాల. నాలాంటి చిన్న రైతుకు సరిపోతుంది.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. పదిహేనేళ్లు దాటిన బండిని గవర్నమెంటు తీసుకుపోయి నలిపేస్తుందని ఊళ్లో ఒక పుకారుంది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటితే తప్పనిసరిగా తీసేయాలన్నది గవర్నమెంటు సొంత బండ్లకే. మన సొంత ట్రాక్టరుకు పదిహేనేళ్లు దాటాక బండి చూపించి ఆర్సీ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాల. ఓనరు చనిపోతే ముప్పై రోజుల్లో ఆఫీసులో తెలపాల, మూడు నెలల్లో ఫారం 31 పెట్టి వారసుడి పేరుకు మార్పించుకోవాల. గడువు దాటితే పని ఆగిపోదు గానీ తిరుగుడు పెరుగుతుంది. మిగతా వారసులు ఒప్పుకున్నట్టు కాగితం కావాలంటారు, అందుకే అన్నదమ్ముల మధ్య మాట బాగున్నప్పుడే ఇది చేసుకోవాల. పాత కార్లకైతే 2021లో వేరే రూలు వచ్చింది. యాభై ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ నెంబరు ఇస్తారు, కానీ దాన్ని రోజువారీ వాడుకోకూడదు, ప్రదర్శనలకూ అట్టాంటి వాటికే బయటికి తీయాల. మన ట్రాక్టర్లకు ఆ భోగం లేదు, ఆ కట్టుబాటూ లేదు.

నవంబరు వానలు పట్టకముందే ఇనుప చక్రాలు ఎక్కించి పడమటి కయ్యలో దింపాం. నారుకు ఇరవై ఎనిమిది రోజులు. నల్లపొగ మొదటి పది నిమిషాలు వచ్చింది, తర్వాత లేదు. గంటకు మూడున్నర లీటర్లు తాగుతుంది. కుడి వెనక చక్రం దగ్గర సీలు నుంచి ఇంకా చుక్క చుక్క కారుతుంది, పైరు నాటాక విప్పాల. రైల్వే మామ గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని శబ్దం విని, "మూడోదాని వాల్వు కొంచెం మోగుతుండాది, రేపు ఫీలర్ గేజి పెట్టు" అన్నాడు. నాకు ఏం వినపడలేదు. మర్నాడు చూస్తే నిజంగానే సందు ఎక్కువుంది.

తమ్ముడు పదహారు వేలు ఇంకా తీసుకోలేదు, సంతకమూ పెట్టలేదు. వద్దనడం లేదు, దిమ్మె మాట మరిచిపోనూ లేదు. సంక్రాంతికి వస్తానన్నాడు. వచ్చినప్పుడు ఎడమ కయ్య చివరి దమ్ము తన చేత్తోనే తోలమని చెప్పా, చిన్నప్పుడు నాయన వాడిని మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకునేవాడు. ఆర్సీ అప్పటిదాకా నాయన పేరు మీదే.

పాత లైనర్లు మూడూ, ట్వంటీ సైజు బేరింగుల సెట్టు ఒకటి వాడకుండా, నాజిల్ పైపులు రెండు మా చావిడిలో ఉన్నాయి. 1035 ఉన్నవాళ్లు ఎవరికైనా పనికొస్తాయంటే వచ్చి తీసుకుపోండి, డబ్బులేం వద్దు. చైను బ్లాకు కూడా ఇస్తా గానీ వారంలో తెచ్చివ్వాల.